గురుడి బుగ్గ మీద చుక్క

యాప్రాల్‌లో మా ఇంటి నుంచి శామీర్‌పేట చెరువుకి ఇరవై కిలోమీటర్లుంటుందేమో. అంతమాత్రానికి మూడు రోజులు సెలవు పెట్టి, సంచి సర్దుకుని, మేడ్చల్ లాడ్జిలో గది మాట్లాడుకుని వెళ్ళానంటే నవ్వేవాళ్ళు నవ్వారు. మా ఆవిడే ముందు నవ్వింది.

"కాశీ వెళ్ళొచ్చామని చెప్పుకుంటారు, అరుణాచలం వెళ్ళొచ్చామని చెప్పుకుంటారు. మేడ్చల్ వెళ్ళొచ్చామని ఎవరికి చెప్పుకుంటారండీ?"

ఇదిగో, మీకు చెప్పుకుంటున్నాను. నేను వెళ్ళింది ఒక నల్లచుక్క కోసం. చూసి వచ్చింది రెండు. ఆ రెండోదాని కోసమే ఇది రాస్తున్నాను.

మా మిద్దె మీద

మాది బాపట్ల వైపు. ఇక్కడ ఒక పైపుల గోడౌనులో సరుకు లెక్కలు చూస్తాను. చదువు ఇంటర్‌తో ఆగింది. గ్రహాల లెక్కలు మాత్రం పంచాంగం ముందేసుకుని, లైబ్రరీ పుస్తకాలు తిరగేసి నాకు నేనే నేర్చుకున్నాను. ఫలానా సాయంత్రం ఫలానా గ్రహం ఎక్కడుండాలో కాగితం మీద కట్టి, మిద్దెక్కి చూస్తే అది సరిగ్గా అక్కడే ఉండటం నాకు ఈ వయసులో దొరికిన సుఖం.

కిందటి దసరాకి ఎవరో వాడి వదిలేసిన చిన్న టెలిస్కోపు కొన్నాను. అయిదంగుళాల అద్దం, బల్ల మీద పెట్టుకునే పీట, అంతే. మోటారు లేదు, చేత్తో తిప్పుకోవాలి. దీంతో ఫోటోలు తియ్యడానికి పెద్ద కెమెరా కావాలనుకుని చాలామంది మొదలుపెట్టకుండానే మానేస్తారు. జేబులో ఉన్న ఫోను చాలు. ఐపీస్ అని, కన్ను ఆనించి చూసే పొట్టి గొట్టం ఒకటుంటుంది. ఫోను కన్ను దాని మీద కదలకుండా నిలబడేలా ఒక క్లిప్పు బిగిస్తే పని జరుగుతుంది. కదలకుండా అన్న మాట దగ్గరే కష్టమంతా.

నేను తియ్యదలచుకున్నది ఒక నీడని. గురుగ్రహానికి పెద్ద చందమామలు నాలుగున్నాయి. వాటిలో ఒకటి సూర్యుడికీ గురుడికీ మధ్యగా పోయేటప్పుడు దాని నీడ గురుడి ముఖం మీద పడి, మనకి నల్లచుక్కలా కనిపిస్తుంది. రెండు గంటలసేపు మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరికి జరిగిపోతుంది. మాఘమాసంలో ఒక శనివారం, చీకటి పడిన గంటకి ఆ చుక్క ముఖం మధ్యలో ఉండాలని నా లెక్కలో తేలింది. ఎవరి పట్టికా చూడకుండా, పూర్తిగా నా పద్ధతిలో కట్టిన మొదటి లెక్క అది. ఫోటోలో చుక్క పడితే ఒప్పు, లేకపోతే తప్పు.

మా మిద్దె దానికి పనికిరాదు. గ్రహాలు దీపాల వెలుగులో కూడా కనిపిస్తాయి కానీ, వాటికి నిలకడైన గాలి కావాలి. మా చుట్టూ లేచిన టవర్ల గోడలు పగలంతా తాగిన వేడిని పొద్దుగూకాక వదులుతుంటాయి. ఆ వేడిలోంచి చూస్తే గురుడు నీళ్ళ అడుగున పడ్డ రూపాయి బిళ్ళలా వణుకుతాడు. చెరువు పక్క గాలి నిలకడగా ఉంటుందని చదివాను. శుక్రవారం పొద్దున బయల్దేరాను.

సుచిత్ర

సుచిత్ర కూడలిలో క్లిప్పు కొన్నాను. ఫోను కవర్లు, చార్జర్లు వేలాడదీసిన బండి దగ్గర ఒక కుర్రవాడు దాన్ని తీసిస్తూ, "సెల్ఫీ స్టిక్కు తీస్కో అంకుల్. దీంతోని ఏం జేస్తరు?" అన్నాడు.

"చంద్రుణ్ణి తీస్తాను."

"ఫోన్ల జూమ్ జేస్తే రాడా చంద్రుడు? జూడు, నేను మొన్ననే తీసిన." చూపించాడు. గుంటలతో సహా తళతళలాడుతున్న చంద్రుడు.

"ఇది నీ ఫోను తనకి తెలిసిన చంద్రుణ్ణి గీసి ఇచ్చింది బాబూ. నువ్వు తీసింది కాదు."

"ఎవరు గీస్తే ఏంది అంకుల్, మంచిగనే ఉన్నది గదా," అన్నాడు. అప్పుడు నవ్వుకుని కదిలాను. ఆ మాట మూడో రోజు మళ్ళీ గుర్తొచ్చింది.

శామీర్‌పేట, మొదటి సాయంత్రం

చెరువు దారిలో మల్లమ్మ అనే ఆవిడ బొగ్గుల మీద కంకులు కాలుస్తుంది. మేము మొక్కజొన్న పొత్తు అంటాం, ఇక్కడ మక్క కంకి. ముప్పై రూపాయలకి నిమ్మకాయ, ఉప్పు, కారం రుద్ది పొట్టులోనే చుట్టి ఇచ్చింది. ఆమె బండి వెనక తమ్ముడి ఖాళీ జాగా ఉంది. అక్కడ పీట వేసుకోవచ్చా అని అడిగాను.

"ఏంది సారూ, గా తుపాకి లెక్క?"

"చంద్రుణ్ణి చూసే గొట్టమమ్మా."

"మీ ఇంటికాడ కనపడడా?"

"బిల్డింగులు అడ్డం."

"గీడ గూడ వస్తున్నయ్ తియ్. రెండేండ్లాగితె చెరువు గూడ కనపడది. వేస్కో, నాదేం బోయింది."

సప్తమి చంద్రుడు నెత్తి మీదున్నాడు. ముందు ఆవిడకే చూపించాను. కొంగు సర్దుకుని, ఒక కన్ను చేత్తో మూసుకుని వంగింది.

"ఓ అవ్వా! అంత బొక్కలే గదా సారూ! మా ఊరి తొవ్వే నయమున్నది."

కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా నేను చెప్పేది కూడా ఇదే: ముందు చంద్రుడు. పెద్దగా ఉంటాడు, తప్పిపోడు, ఫోను వెలుగు తగ్గించడం అతని మీదే నేర్చుకోవచ్చు. ఫోను తనంతట తాను చీకటి చూసి వెలుగు పెంచేస్తుంది, చంద్రుడు సున్నం ముద్దలా తయారవుతాడు. తెరమీద వేలు నొక్కి పట్టి, వెలుగు బాగా కిందికి లాగితే గుంటల అంచులు బయటపడతాయి. అలా నాలుగు ఫోటోలు తీశాను. అయిదోదానికి క్లిప్పు మర బిగిస్తుంటే పుటుక్కుమని విరిగింది. ఫోను జారి మల్లమ్మ మక్క పొట్టు కుప్పలో పడింది. బొగ్గుల వైపు పడి ఉంటే ఈ కథ లేదు.

ఫోనుకేం కాలేదు. క్లిప్పు మాత్రం రెండు ముక్కలు. రేపు సాయంత్రమే నీడ. చేత్తో పట్టుకుని తియ్యడానికి గురుడు చంద్రుడు కాదు. ఐపీస్‌లో కందిబద్దంత ఉంటాడు.

ఆ ముక్కల్ని చూసి మల్లమ్మ, "మేడ్చల్‌ల ఫోటో యాదగిరి ఉన్నడు. మా బిడ్డ లగ్గం గాయినే తీసిండు. అసొంటి పాత సామాన్ గాయిన తాన మస్తుంటది, పొద్దుగాల పో," అంది.

మేడ్చల్, ఫోటో యాదగిరి

బస్టాండుకి కాస్త ఎడంగా, చెప్పుల షాపుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుకు స్టూడియో. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి. యాదగిరి గారికి అరవై దాటి ఉంటాయి. ఇప్పుడు కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడటమే ఆయన పని. పాస్‌పోర్టు ఫోటోలు, కంప్యూటర్ పని, పెళ్ళి ఆల్బములు అన్నీ కూతురు స్వప్న చూసుకుంటుంది. ఆవిడకి ముప్పై పైన ఉంటాయి.

ఆయన విరిగిన క్లిప్పుని వేళ్ళ మధ్య తిప్పి చూశారు. "ప్లాస్టిక్ సార్ గిది. పానం బోదా మరి." అటక మీంచి ఒక డబ్బా దింపించారు. పూర్వం కెమెరా పక్కన ఫ్లాషు బిగించే ఇనుప పట్టీ ఒకటి అందులోంచి తీసి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, నా ఫోనుని ఐపీస్‌కి కట్టడం మొదలుపెట్టారు. చేతులు వణుకుతున్నాయి కానీ మర పట్టుకోగానే వణుకు ఆగింది.

ఆ పని జరుగుతుంటే నేను గోడ మీది ఫోటో చూస్తున్నాను. నలుపు తెలుపు, పెద్ద సైజు, ప్లాస్టిక్ పూల దండ. పాతికేళ్ళ లోపు స్త్రీ. ముఖం మీద గీత గానీ నీడ గానీ లేదు.

"చాలా నున్నగా వచ్చిందండీ ఫోటో," అన్నాను.

"రాలె సార్, జేసిండు," అంది స్వప్న తెర మీంచి తల తిప్పకుండా. "మా అమ్మ. కంటి కింద మచ్చ ఉండెనంట. మా బాపు గీకేసిండు."

"గీకలె బిడ్డా. నింపిన." యాదగిరి గారు పట్టీ కింద పెట్టారు. నాకు చెబుతున్నట్టే చెప్పారు కానీ చూపు ఫోటో మీద ఉంది. "నెగెటివ్‌ల నలుపు తెలుపు అయితది గదా సార్. మచ్చ తెల్లగ కనపడ్తది. కింద బల్బు ఉన్న డబ్బా మీద నెగెటివ్ పెట్టి, సన్న పెన్సిల్‌తోని గా తెలుపు నింపాలె. మెరిసే దిక్కు పెన్సిల్ అంటది కాదు, మందు పూసిన దిక్కే పడ్తది. మేడ్చల్‌ల పెండ్లయిన ప్రతి పోరి మొకం గా డబ్బా మీదికెల్లి పోయిందే."

"ఆవిడకి ఎందుకు నింపారు?"

"మా అవ్వ ఊకోలె. కంటి కింద మచ్చ ఉంటె ఆడిది ఏడుస్తనే ఉంటదని లొల్లి. పెండ్లి ఫోటోల కనపడొద్దన్నది." పట్టీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "ఆమె ఎన్నడు ఏడ్వలె సార్. నాలుగేండ్లు నవ్వుకుంటనే ఉండె. కామెర్లొచ్చి పది దినాలల్ల పోయింది. గీ పిల్లకు మూడేండ్లు."

వేరే ఫోటోలు లేవా అన్నాను. ఊరందరినీ తీసినవాడు ఇంట్లో తీసుకున్నది తక్కువేనట. తీసిన కొన్నింటి నెగెటివ్‌లు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత షాపు పోయి, పెట్టెలు వానలో తడిసి, ఒకదానికొకటి అంటుకుపోయాయి.

స్వప్న అప్పుడు కుర్చీ మా వైపు తిప్పింది. "ఏ కంటి కింద అంటే ఎడమ కన్ను అంటడు సార్. మా మేనత్తనేమో కుడి కన్ను అంటుండె. ఆమె గూడ పోయింది. నాకు యాదికే లేదు. నా బిడ్డ అడుగుతది, అమ్మమ్మ ఎట్లుండె అని. గీ ఫోటో జూపిస్త. కని గిది మా అమ్మ మొకం కాదు గదా. మా బాపు జేసిన మొకం."

"ఎడమ కన్నే," అన్నారాయన. "నా చేతికి యాదికున్నది."

తండ్రీకూతుళ్ళ మధ్య ఇది ఇవాళ్టి మాట కాదని అర్థమైంది. నేను టెలిస్కోపు వైపు చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం కదలనివ్వలేదు. స్వప్న ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, కారం. గిన్నె అడుగున అద్ది కాల్చి, మధ్యలో వేలితో పెట్టిన చిల్లులు. మా వైపు తపాలచెక్క అంటాం, శనగపప్పు వేస్తాం, ఇంత కారం వెయ్యం. నీళ్ళు తాగుతుంటే యాదగిరి గారు నవ్వారు. "ఆంధ్ర కారం అంటరు గని సార్, గంతే ఇగ!"

పట్టీకి డబ్బు తీసుకోలేదు. "మీ గ్రహం ఫోటో మాకు జూపెట్టున్రి. గది చాలు," అంది స్వప్న.

శామీర్‌పేట, రెండో సాయంత్రం

చెరువు మీంచి చల్లటి గాలి, కానీ నిలకడైన గాలి. గురుడు తూర్పున బాగా పైకెక్కి ఉన్నాడు. ఇనుప పట్టీ ఫోనుని పీక పట్టుకున్నట్టు పట్టుకుంది.

మోటారు లేని టెలిస్కోపులో గ్రహం నిలవదు. భూమి తిరుగుతున్నది మన గొట్టాన్ని కూడా తిప్పుకుంటూనే కదా. గురుడు ఒక అంచున కనబడి, నిమిషన్నరలో రెండో అంచు దాటిపోతాడు. అందుకని అతన్ని వెంబడించకూడదు. అంచుకి కాస్త ముందు గొట్టం ఆపి, చెయ్యి తీసేసి, అతను దాటుతున్నంతసేపూ వీడియో తియ్యాలి. మళ్ళీ ముందుకు తిప్పి, మళ్ళీ ఆగాలి. అలా చాలాసార్లు.

ఫోటో బదులు వీడియో ఎందుకంటే, వీడియో అంటే వేల ఫోటోలు. గాలి ఒక్కోదాన్ని ఒక్కోలా చెడగొడుతుంది. తర్వాత, ఉచితంగా దొరికే ప్రోగ్రాముతో అన్నింట్లోకీ మంచివి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, సగటు కట్టాలి. ప్రతి బొమ్మలోనూ ఉన్నది నిలుస్తుంది. ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేనిది రాలిపోతుంది. వంద బొమ్మలు పేరిస్తే మచ్చలూ నలకలూ పదో వంతుకి దిగుతాయి. చవక సామానుతో పని చేసేవాళ్ళకి దొరికిన న్యాయం అది: ఒక్క మంచి ఫోటో కొనలేకపోతే, వంద చెడ్డ ఫోటోల నుంచి దాన్ని తీసుకోవచ్చు.

మల్లమ్మ వచ్చి ఫోను తెర చూసింది. "గీ వణికేదా సారూ నీ దేవుడు?"

"దేవుడు కాదమ్మా, గ్రహం."

"గురువారం ఉపాసం నేను ఈయనకు కాదా మరి?"

చుక్క కనిపిస్తోందా అని అడిగాను. ఆమె కళ్ళు చికిలించి చూసి, "నువ్వు జెప్పినంక ఉన్నట్టే కొడ్తాంది," అంది. నాకూ అంతే. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. అలాంటి చుక్కని నమ్మకూడదు. కళ్ళు కోరుకున్నది చూసేస్తాయి. మంచు టెలిస్కోపు మీద తేమలా దిగేలోపు తియ్యగలిగినన్ని తీసి లాడ్జికి వచ్చేశాను.

మళ్ళీ మేడ్చల్

పొద్దున లాడ్జి గదిలో, వెంట తెచ్చుకున్న నా పాత లాప్‌టాప్ మొదటి వీడియోకే బిగుసుకుపోయింది. వీడియోలు పట్టుకుని స్టూడియోకే వెళ్ళాను. స్వప్న కంప్యూటర్ గట్టిది. బొమ్మలు ఏరడం, పేర్చడం ఎలాగో పక్కన కూర్చుని చూపించాను. ఒక్కసారి చూస్తే చాలు ఆవిడకి. పని మొదలయ్యాక, "అయితాంది సార్, మీరు చాయ్ తాగి రాపోన్రి," అంటే యాదగిరి గారితో కలిసి ఎదురుగా హోటల్‌కి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి పెద్ద సైజు ప్రింటు తీసి, కవరులో పెట్టి సిద్ధంగా ఉంచింది. తీసి చూశాను. గురుడు. లేత గోధుమ రంగు చారలు, అంచులు గుండ్రంగా, శుభ్రంగా. అయిదంగుళాల అద్దంతో ఇంత వస్తుందని నేను అనుకోలేదు. కానీ ముఖం మీద చుక్క లేదు. ఎక్కడా లేదు.

కుర్చీలో కూర్చున్నాను. నాలుగు నెలలు కట్టిన లెక్క. ఎక్కడ తప్పానో మనసులోనే వెనక్కి నడవడం మొదలుపెట్టాను.

"ఏమైంది సార్? మంచిగ రాలేదా?" స్వప్న ముఖం వాడిపోయింది. "మొత్తం సాఫ్ జేసిన. నడుమల మొటిమ లెక్క నల్లగ ఉండె, గది గూడ తీసేసిన."

ప్రింటు బల్ల మీద పెట్టాను. "అమ్మా, ఆ మొటిమ కోసమే నేను వచ్చింది."

ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. యాదగిరి గారు మెల్లగా అన్నారు: "దాన్నేమనకున్రి సార్. గా చెయ్యి నాది. నేనే నేర్పిన. మొకం మీద నలుపు కనపడితే చెయ్యి ఆగది."

"పోయిందేమీ లేదు," అన్నాను. "వీడియో ఉంది కదా. మళ్ళీ పేర్చుదాం, ఈసారి తుడవద్దు."

పేర్చింది. చుక్క వచ్చింది. గుండ్రంగా, నల్లగా, నేను కట్టిన చోటుకి ఒక వెంట్రుకవాసి ఎడమగా. యాదగిరి గారు చూసి, "గురుడికి గూడ దిష్టిచుక్క పెట్టిన్రు సార్!" అన్నారు. నవ్వాం. లెక్క ఒప్పే. కానీ నేను అనుకున్నంత సంతోషం లేదు, ఎందుకంటే స్వప్న నవ్వలేదు. తెర వైపే చూస్తోంది.

"సార్, అన్నిట్ల ఉన్నదే నిలుస్తది, లేనిది పోతది. గదే గదా మీరు జెప్పింది?"

"అవును."

"మా ఇంట్ల ఒక వీడియో ఉన్నది."

తొట్టెల వీడియో

అది స్వప్న పుట్టిన మూడు వారాలకి చేసిన ఉయ్యాల వేడుక. ఇక్కడ తొట్టెల అంటారు. బంధువు ఒకాయన అద్దె కెమెరాతో తీసిన క్యాసెట్టు, తర్వాతెప్పుడో ఎవరో కంప్యూటర్‌లోకి ఎక్కించారు. తెరమీద వేసింది. చారలు, నలకలు, రంగులు పక్కకి కారుతూ. గదిలో గోడకి క్యాలెండరు. దాని ముందు కుర్చీలో ఒక స్త్రీ, ఒళ్ళో పసిబిడ్డ. ముఖం ఉందని తెలుస్తుంది, ఎలాంటిదో తెలియదు.

"మస్తు సార్లు ఆపి ఆపి చూసిన. నలకలే," అంది స్వప్న.

నేను చూస్తున్నది వేరే. ఆ స్త్రీ కదలడం లేదు. చుట్టూ జనం అక్షింతలు వేస్తున్నారు, బిడ్డ కాళ్ళూ చేతులూ ఆడిస్తోంది, ఆవిడ మాత్రం కెమెరా వైపు చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చుంది. మా బాపట్లలో మా అక్కల పెళ్ళి వీడియోల్లోనూ ఇంతే. వీడియో అంటే కదలొచ్చని అప్పుడెవరికీ తోచలేదు; కెమెరా కనిపిస్తే ఫోటోకి కూర్చున్నట్టే కూర్చునేవాళ్ళు.

"ఎంతసేపు ఇలా కూర్చుంది?"

"ఏడు సెకన్లు ఉంటది సార్."

అంటే, సెకనుకి పాతిక చొప్పున, నూట డెబ్బయి బొమ్మలకి పైన. చెయ్యగలమని చెప్పడం సులభం. కాదని తేలితే? యాదగిరి గారి వైపు చూశాను. ఆయన అప్పటికే లేచి కూతురి కుర్చీ వెనక నిలబడ్డారు.

"ముందే ఒక మాట చెబుతాను," అన్నాను. "ఇందులో లేనిది నేను తేలేను. తెచ్చినట్టు చూపించే ప్రోగ్రాములు ఉన్నాయి. అవి తమకి తెలిసిన ముఖం గీసి ఇస్తాయి. అది మనకి వద్దు. ఇంకోటి: చుక్క కనబడినా అది క్యాసెట్టు మీది మురికి కావచ్చు. కాబట్టి బొమ్మల్ని రెండు సగాలు చేద్దాం. మొదటి సగం విడిగా, రెండో సగం విడిగా. రెండింట్లోనూ అదే చోట ఉంటేనే మచ్చ. ఒక్కదాంట్లో ఉంటే లేనట్టే. సరేనా?"

"సరే," అంది స్వప్న. యాదగిరి గారు తల ఊపారు.

గ్రహానికైతే ప్రోగ్రాము తనే కొలుచుకుంటుంది. ఇక్కడ మేమే ముక్కుపుడక దగ్గర, పాపిట దగ్గర, కంటి కొసల దగ్గర గుర్తులు పెట్టాం. ముఖం ఎటు ఒరిగినా ఆ గుర్తుల మీద పేర్చమన్నాం. చెప్పుల షాపులో ఎవరో బేరమాడుతున్నారు. బస్సు హారన్లు. మొదటి సగం బొమ్మ తెరమీదికి వచ్చింది.

గోడ మీది ఫోటోలో ఉన్న మనిషి కాదు. చెంపలు కాస్త పీక్కుపోయి ఉన్నాయి, పెదవి ఒక పక్క పైకి లేచి ఉంది, నవ్వు ఆపుకుంటున్నట్టు. కుడి కంటి కింద నువ్వుగింజంత నలుపు.

"ఇప్పుడే ఏమీ అనుకోవద్దు," అన్నాను.

రెండో సగం. స్వప్న రెండింటినీ పక్కపక్కన పెట్టింది. పెదవి అక్కడే. నలుపు అక్కడే. కుడి కన్ను కింద.

మౌస్ మీద ఉన్న ఆవిడ చెయ్యి కదిలింది. తెరమీద బాణం గుర్తు చిన్న గుండ్రటి కుంచెగా మారి, నేరుగా ఆ మచ్చ మీదికి వెళ్ళి నిలబడింది. అలవాటు. ఆవిడకే తెలిసినట్టు లేదు. తెలియగానే మౌస్ వదిలేసి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నేనేడ ఉన్న సార్?" అంది.

చూశాను. కదలనిదే నిలుస్తుంది. ఆ తల్లి ఒళ్ళో బిడ్డ ఉండాల్సిన చోట తెల్లటి పొగ ఉంది. "ఆ పొగ మీరేనమ్మా."

"ఒక్క తీరుగ ఉంటివా ఏనాడన్న?" అన్నారు యాదగిరి గారు. అని, కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత, "కని ఎడమ కన్నే సార్. వీడియో ఉల్టా ఎక్కిచ్చిన్రేమో," అన్నారు.

అది అడగాల్సిన ప్రశ్నే. ఆవిడ వెనక క్యాలెండరు చూపించాను. దాని మీద అంకెలు సరిగ్గానే ఉన్నాయి, తిరగబడలేదు. వీడియో ఉల్టా కాదు.

స్వప్న మామూలు తెల్ల కాగితం మీద ఒక ప్రింటు తీసి ఆయన చేతికిచ్చింది. చాలాసేపు చూశారు. వేలు గాలిలో పెన్సిల్ పట్టుకున్నట్టు మడిచి, బొమ్మ మీద కుడికి, ఎడమకి తిప్పారు. తర్వాత కాగితాన్ని వెనక్కి తిప్పి, ట్యూబ్‌లైటుకి ఎదురుగా పైకెత్తి పట్టుకున్నారు. పలచటి కాగితం. వెలుగు దాటి, ఆ ముఖం వెనక వైపు నుంచి కనిపించింది. మచ్చ రెండో పక్కకి వచ్చింది.

"గిట్ల," అన్నారు. "నేను గిట్ల చూసిన. పెన్సిల్ పట్టే దిక్కుకెల్లి. మెరిసే దిక్కు కింద ఉంటది, మొకం ఉల్టా కనపడ్తది." కూతురి వైపు చూశారు. "మీ మేనత్త జెప్పిందే నిజం బిడ్డా. ముప్పయ్యేండ్ల సంది నాకు గా డబ్బా మీది మొకమే యాదికున్నది."

స్వప్న లేచి వచ్చి కాగితం ఒక కొస పట్టుకుంది.

"ఇగ సీదా చూడు బాపూ."

ఆయన వెంటనే తిప్పలేదు. తనకి తెలిసిన ఆ ముఖాన్ని ఇంకొంచెంసేపు వెలుగులో అలాగే పట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఇద్దరూ చెరో కొస పట్టుకుని, మెల్లగా, కాగితాన్ని ఇటు తిప్పారు.